తడి బస్తాలు

గుంటూరు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేను టైపిస్టుగా చేశాను. అక్కడ మేమంతా అక్కా అని పిలిచే గుమాస్తాకి బైపోలార్ జబ్బని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేని హుషారు, కొన్నాళ్ళు మంచం దిగనివ్వని దిగులు. ఆసుపత్రి నుంచి వచ్చాక మగవాళ్ళు ఆమె వెనక నవ్వేవారు. ఆడవాళ్ళు మధ్యాహ్నం క్యారియర్లు విప్పి ముందు ఆమెకే కూర వడ్డించేవారు.

సీజన్లో మిరప బస్తాలతో ఒక లారీ వచ్చింది. అక్క బస్తాలో చెయ్యి పెట్టి చూసి అరిచింది.

"తూకం కోసం నీళ్ళు చల్లారు! లోపల పెడితే బూజు పడుతుంది, దించొద్దు!"

"మేడంకి కరెంటొచ్చిందిరోయ్!" అన్నాడు మేనేజరు. హమాలీలంతా నవ్వారు.

ఆడవాళ్ళు మాత్రం పరుగున వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నారు. "అక్కా, పొద్దున మాత్ర వేసుకున్నావా?" అని మెల్లగా అడిగారు.

ఆ నవ్వు కంటే ఈ మెత్తదనానికే నాకు ఒళ్ళు మండింది. నవ్వేవాడితో పోట్లాడొచ్చు. తల నిమిరే చేతితో ఎలా పోట్లాడతాం?

బస్తాలు లోపలికి వెళ్ళాయి. వానాకాలంలో విప్పితే కాయంతా బూజు. మగవాళ్ళు రైతుని తిట్టారు, ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అక్క మాట ఎవరూ ఎత్తలేదు.

నేనే ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. "అక్కా, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజమైంది" అన్నాను.

ఆమె బెదురుగా చూసింది.

"లేదమ్మా. ఆ రోజు నేను మాత్ర వేసుకోలేదేమో."