సాలూరు జట్టుకు నేను పెట్టిన భోజనం

సిగ్గు విడిచి చెబుతున్నాను. విజయనగరంలో ఒక కాలేజీకి నేను డ్రిల్లు మాస్టారిని. అక్కడ రగ్బీ జట్టును తయారుచేసింది నేనే. సాయంత్రాలు మా ఆటగాళ్ళని కూర్చోబెట్టి లాప్‌టాప్‌లో దేశాల మధ్య జరిగిన పాత రగ్బీ టెస్టు మ్యాచ్‌లు చూపించేవాణ్ణి. న్యూజిలాండ్ వాళ్ళు దక్షిణాఫ్రికా వెళ్ళి, ఆ గడ్డ మీద మొట్టమొదటిసారి సిరీస్ గెలిచిన మ్యాచ్ అంటే నాకు ప్రాణం. అంతకుముందు తరాల జట్లన్నీ అక్కడ సిరీస్ గెలవకుండానే తిరిగొచ్చాయి. చివరి విజిల్ మోగేసరికి గెలిచినవాళ్ళే లేవలేక నేల మీద పడిపోయారు. పరాయి ఊరు వెళ్ళి గెలిచినవాడే మొనగాడని, అతిథి జట్టును గౌరవించడమే ఈ ఆటకు అందమని ఉపన్యాసాలు దంచేవాణ్ణి. దంచడంలో నన్ను మించినవాడు లేడు.

మాకూ ఒక టెస్టు ఉండాలని సాలూరు జట్టును పిలిచాను. అందరూ లారీల మీద పనిచేసేవాళ్ళు, లోడు ఎత్తీ దించీ రాటుదేలినవాళ్ళు. వాళ్ళ కెప్టెన్ లారీ డ్రైవరు. ఒకరోజు వెళ్ళి వాళ్ళ ప్రాక్టీసు చూశాక నాకు గుండె జారిపోయింది. సొంత మైదానంలో, ప్రిన్సిపాలు ఎదుట ఓడిపోతే నా పరువేం కావాలి?

మ్యాచ్ మూడింటికి. ఒంటిగంటన్నరకి సాలూరు వాళ్ళందరికీ మా ఇంట్లో విస్తళ్ళు వేయించాను. కోడికూర, పనసపొట్టు కూర, గారెలు, పరమాన్నం. మా జట్టుకు మాత్రం పదకొండింటికే కాస్త మజ్జిగన్నం పెట్టి పంపేశాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నన్ను ఆపింది.

"ఆడాల్సినోల్లకి ఇంత తిండేటి? పరిగెట్టగలరా?"

"ఇంటికొచ్చినోల్లకి మర్యాద సెయ్యొద్దేటి?" అన్నాను.

మా వైపు అతిథి చాలన్నాడని ఆపేస్తే అది వడ్డనే కాదు. ఒట్లు వేస్తాం, బతిమాలతాం, విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వేస్తాం. పెద్దవాళ్ళు వేసింది వదిలేస్తే తప్పు. ఆ మర్యాదనే నేను తేనె పూసిన కత్తిని చేశాను.

"సాలు మేస్టారూ, ఆటున్నాది," అన్నాడు కెప్టెన్.

"నా మాట కొట్టేస్తావేటి?" అని ఇంకో రెండు గారెలు వేశాను. తల వంచుకుని తిన్నాడు.

మొదటి సగం ఎలాగో నిలబడ్డారు. రెండో సగంలో వాళ్ళ కాళ్ళు కదల్లేదు. ఒకడు గీత పక్కన వంగి కక్కుకున్నాడు. మేం గెలిచాం. మావాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైన కూర్చుని ఫోటోలకి నవ్వాను గానీ, కింద కక్కుకున్నవాడికి ఎవరో నీళ్ళు పట్టడం కనిపిస్తూనే ఉంది. అంత నీచమైన పని నా జన్మలో మరొకటి చెయ్యలేదు.

మరుసటి ఏడాది వాళ్ళు మమ్మల్ని సాలూరు పిలిచారు. దిగగానే అరటిపళ్ళు, నిమ్మకాయ నీళ్ళు ఇచ్చారు. కెప్టెన్ నన్ను పక్కకు తీసుకెళ్ళి, మా ఆటగాళ్ళ చెవిన పడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"బోయినం ఆటయ్యాక ఎడతాం మేస్టారూ, ఏటీ అనుకోకండి. ముందే కడుపునిండా తింటే కాల్లు ఆడవు. ఆ పొద్దు మీకు తెలవక, పేమకొద్దీ ఎట్టీసినారు. మావోల్లు ఏదో అనబోతే నానే ఊరుకోమన్నాను."

ఇరవై ఏళ్ళుగా ఆటలు నేర్పి బతుకుతున్నవాణ్ణి. అతని మొహం చూడలేకపోయాను.

"అవున్రా, తెలవలేదు," అన్నాను.