డిస్ట్రాయర్‌కు ఇత్తడి ఫిరంగులు

2006 వానాకాలంలో నన్ను కొత్తగూడెం దగ్గరున్న ఒక డిగ్రీ కాలేజీకి వేశారు. నౌకాదళంలో ఫిరంగుల విభాగంలో చీఫ్ పెటీ ఆఫీసర్‌ని, అంటే అధికారులకు కింద, నావికులకు పైన. అక్కడి ఎన్‌సీసీ కేడెట్లకు ఓడల నమూనాలు కట్టడం నేర్పడం అక్కడ నా పని.

ఆ ఏడు మా కాలేజీలోనే జరిగే జిల్లా ఓడ నమూనాల పోటీకి ములకలపల్లి నుంచి వచ్చే భవాని అనే అమ్మాయి వందేళ్ల కిందటి డిస్ట్రాయర్ అనే చిన్న యుద్ధనౌకను ఎంచుకుంది. గెలిస్తే విశాఖలో శిబిరం, ఆ సర్టిఫికెట్‌తో పోలీసు ఉద్యోగానికి అదనపు మార్కులు. ఇంట్లో పెళ్లి మాటలను ఆపుతున్నది ఆ ఆశ ఒక్కటే.

ఆ కాలపు డిస్ట్రాయర్‌కు వేగమే ప్రాణం. సన్నటి ఒళ్లు, పలచటి రేకు, నీటికి దగ్గరగా డెక్కు. అసలు ఆయుధం టార్పీడో, నీటిలో దూసుకుపోయే పేలుడు గొట్టం. ఫిరంగులు చిన్నవే ఉండేవి, పైన బరువు పెరిగితే ఓడ ఒరుగుతుంది గనుక. భవాని అవన్నీ నేర్చుకుని బూరుగు చెక్కతో ఓడ చేసింది. నీళ్లలో చక్కగా నిలబడింది.

మా ప్రిన్సిపాల్‌గారికి నచ్చలేదు. ఆయన చూసిన ఓడలన్నీ కేలెండర్ల మీదివే. "ఏంది చీఫ్ గారూ, యుద్ధనౌక గిట్లుంటదా? చేపల పడవ లెక్కుంది. ముఖ్య అతిథికి ఫిరంగులు కనపడాలె" అన్నారు. బరువు సంగతి వివరిస్తే విన్నట్టే తలూపారు. పోటీ ముందురోజు, భద్రంగా ఉంచుతానని నమూనాను తన గదికి పట్టుకెళ్లి, లేత్ షాపులో చేయించిన రెండు ఇత్తడి ఫిరంగులు డెక్కు మీద బిగింపించారు. పైన బంతిపూల దండ కూడా. ఎంత తెలివో!

పొద్దున భవాని చూసి, "ఇవి తియ్యాలె సార్, బోర్ల పడ్తది" అని ఆయన్నే అడిగింది. పెద్దలొచ్చే వేళ అల్లరి చేయొద్దని కసిరారు. తీయబోయిన నన్నూ ఆపారు. కాలేజీలో మాట ఆయనదే.

నమూనా సిమెంటు తొట్టిలో ఆసరా లేకుండా తేలాలి, అవకాశం ఒక్కసారే. వదలగానే ఓడ కుడివైపుకు ఒరిగి బోర్లా పడింది. పిల్లకు చెక్కపని రాదని ప్రిన్సిపాల్‌గారు సిగ్గు లేకుండా పరీక్షాధికారికి చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఫిరంగులు ఎవరివో అందరి ముందే చెప్పాను. అధికారి అంతా విని, నియమం నియమమే అన్నారు.

భవాని ఏడవలేదు. ఓడను పైకి తీసి, ఫిరంగులు విప్పి ప్రిన్సిపాల్‌గారి చేతిలో పెట్టింది. "ఇవి మీవి సార్" అంది. ఓడను మళ్లీ వదిలింది. నిటారుగా నిలిచింది. దానికెవరూ మార్కులు వేయలేదు. శిబిరానికి వేరే కాలేజీ వాళ్లు వెళ్లారు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఓడ ఎంత బరువు మోస్తుందో కట్టినవాళ్లను అడగాలి. అడగకుండా బరువు పెట్టే పెద్దమనిషి ఎప్పుడూ ఒడ్డునే ఉంటాడు. మునిగేది వేరేవాళ్లు.