మైమూన్ బీ బోర్లించిన బాక్సు

మదనపల్లె టమోటా మండీలో మైమూన్ బీ కాయలు ఏరుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. రైతులు బాక్సు పైన నిగనిగలాడే కాయలు పేర్చి తెస్తారు. ఆమె వాటివైపు చూడనైనా చూడదు. బాక్సును పట్ట మీద బోర్లించి, అడుగునున్న గోలీలంత కాయలతో సహా చూశాకే రకం చెబుతుంది. ఆ మాటకు వ్యాపారులు ఎదురు చెప్పరు.

ఆమె కూతురు జువేరియా డిగ్రీలో నా ఫిజిక్స్ స్టూడెంటు. ఈ రాత మైమూన్ బీ గురించే అయినా, ఇందులో సిగ్గుపడాల్సింది నేను.

పోయిన జనవరిలో కుప్పంలో సైన్సు పోటీ పెట్టారు. గెలిస్తే వేసవిలో బెంగళూరులో పరిశోధన శిక్షణ. జువేరియా గెలాక్సీల అతినీలలోహిత కాంతి గురించి చేస్తానంది. అప్పుడే పుట్టిన వేడి నక్షత్రాలే ఆ కాంతిని ఎక్కువగా చిమ్ముతాయి. దాన్ని కొలిస్తే ఏ కాలంలో నక్షత్రాలు ఎంత జోరుగా పుట్టాయో తెలుస్తుంది. మొదట్లో అది తక్కువ, సుమారు వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట బాగా పెరిగింది, అప్పటినుంచి తగ్గుతూ వచ్చింది.

చిక్కెక్కడంటే, చాలా దూరంలో, అంటే కాంతి మనదాకా రావడానికి పట్టిన కాలాన్ని బట్టి చాలా పాతకాలంలో, మనకు పెద్ద గెలాక్సీలే కనబడతాయి. చిన్నవి టెలిస్కోపుకు అందవు. కనబడినవాటి తీరును బట్టి కనబడనివి ఎన్నుండాలో లెక్కగట్టి కలిపింది జువేరియా. నేను ఆ గ్రాఫును ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. కనబడనిదాన్ని కలిపితే సైన్సు కాదు, సోది అన్నాను. క్లాసంతా నవ్వింది. పెద్దవాటినే కూడి కొత్త గ్రాఫు గీయించాను.

కుప్పంలో జడ్జి ఆ గ్రాఫు మీద వేలు పెట్టి, చిన్న గెలాక్సీలు ఏవమ్మా అని అడిగాడు. పాతకాలం వైపు గీత ఉండాల్సినదానికన్నా బాగా కిందికి, ధబాలున పడిపోయి ఉంది. తప్పు నాకు అప్పుడు తెలిసొచ్చింది. జువేరియా నావైపు చూసింది.

"పిల్ల తొందరపడింది సార్" అన్నాను.

ఆమె తల వంచుకుని అవునంది. శిక్షణకు ఆమె ఎంపిక కాలేదు.

వారం ఆగి మండీకి వెళ్ళాను. నేను నోరు విప్పేలోపే మైమూన్ బీ లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"మేడమ్, లెక్క తప్పు సేసి మీ పరువు తీసినానని నా బిడ్డ ఏడస్తా ఉండాది. మాఫ్ సేయండమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఇంట్లో కూడా నన్ను కాచింది. ఉన్నదంతా చెప్పేశాను. తప్పూ నాదే, అబద్ధమూ నాదే అన్నాను.

ఆమె కోప్పడలేదు. ముందున్న బాక్సు బోర్లించి, అడుగు కాయల్ని చేత్తో పరిచింది.

"అడుగునుండేటివి కనపడలేదని లేవంటే యెట్టమ్మా?" అంది. "ఈ మాట నాకు గాదు. ఆడ నగినోళ్ళ ముందర సెప్పండి."

మర్నాడు క్లాసులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తప్పు నాదని కుప్పానికి ఉత్తరం రాస్తే, ఎంపిక అయిపోయిందని జవాబొచ్చింది.

ఆమె గీసిన మొదటి గ్రాఫును క్లాసు గోడకు అంటిద్దామని నేనంటే జువేరియా తెచ్చింది. దానిమీద నా ఎర్ర గీత అట్లాగే ఉంది. శుభ్రంగా ఇంకోటి గీసుకురమ్మన్నాను.

"వద్దు మేడమ్. ఇదే ఉండనీండి" అంది.

రోజూ దాని పక్కనే నిలబడి పాఠం చెబుతున్నాను.