పాప అడ్డం పెట్టిన అరచేయి

మా ఎనిమిదేళ్ల పాప ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. బయటివాళ్ల ముందు మాత్రం దానికి గొంతు పెగలదు. దీన్నే సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. ఎవరైనా బలవంతపెడితే అరచేయి అడ్డం పెట్టమని నేనే నేర్పాను.

ఈ రోజు టాలట్ అనే ఊళ్లో ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్లాం. అక్కడ ఒక ఆంటీ దాని గడ్డం పట్టుకుని, "పేరు చెప్తేనే కేక్ ఇస్తా. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఏంటి?" అన్నారు. పాప అరచేయి అడ్డం పెట్టింది. అందరూ చూస్తున్నారని నేను గబుక్కున ఆ చేయి దించేసి, "తప్పమ్మా, ఆంటీ కదా" అన్నాను.

కారెక్కాక, "బట్ యూ టోల్డ్ మీ టు, మామ్" అంది పాప. సారీ చెప్పాను. ఇంటికొచ్చినా నాతో ఇంకా మాట్లాడటం లేదు.

రేపు ఆంటీకి ఫోన్ చేసి, మా పిల్లను బలవంతపెట్టొద్దని చెప్తాను. పెద్దవాళ్లను నొప్పించకుండా ఆ మాట ఎలా అనాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.