గడప బయట ఆగిన చెంచా

మా హోటల్ సారు చనిపోయారని పోయిన సోమవారం పాలాయన చెప్పాడు. నేను నమ్మలేదు. సారు గురించి ఏది విన్నా ముందు అనుమానపడటం నాకు అలవాటు. మాదాపూర్ దాకా నడిచి వెళ్లి, దించి ఉన్న షట్టరు చూశాకే చేతులు జోడించాను.

సారుది కడప వైపు. హైటెక్ సిటీ కడుతున్నప్పుడు ఆ రోడ్డు పక్కనే చిన్న శాకాహార హోటల్ పెట్టారు. వంట నాది. మొదట ఫ్రైడ్ రైసు, నూడుల్సు బాగా పోయేవి. తర్వాత పక్కనున్న పెద్ద కట్టడం ఆగిపోయింది. మేస్త్రీలకు పని లేదు, కంప్యూటర్ కోర్సు చేసిన పిల్లలకు ఉద్యోగం లేదు. బల్లలు ఖాళీగా ఉండేవి. ఒకరోజు సారు బయట పలక మీద సుద్దముక్కతో రాశారు: ‘అమ్మ చేతి ముద్దపప్పు, పచ్చిపులుసు.’

నాకు మనసొప్పలేదు. “ఎవరి అమ్మ సారూ? చేసేది నేను. నాకు పిల్లలే లేరు. గిట్ల రాస్తే పాపం కాదా?”

“చేతిలో పని లేనోడు కొత్త రుచి అడగడమ్మా, ఎరిగిన రుచే అడుగుతాడు. నువ్వు పులుసు చెయ్యి, పాపం నేను చూసుకుంటాలే.”

జనం వచ్చారు. ఒక మేస్త్రీ రెండోసారి పోయించుకుని గిన్నె ఎత్తి తాగాడు. అయినా ఆ పలక మీద నాకు నమ్మకం కుదరలేదు.

చిక్కు ఇంకోటి వచ్చింది. నూడుల్సు దేవుడికి పెట్టం. పప్పు, పులుసు అట్లా కాదు, ఆయనకు చూపించకుండా నేను నాలుక మీద వేసుకోను. సారేమో పదకొండింటికి వచ్చి, రుచి చూడటానికి తన చెంచా నేరుగా గిన్నెలో ముంచేవారు. అందుకని ఆయన రాకముందే, ఉల్లిగడ్డ కలపకముందే, చిన్న గిన్నెలోకి తీసి సామాన్ల గదిలో పటం ముందు పెట్టేదాన్ని.

ఒకరోజు ముందే వచ్చేశారు. “కొంగు కింద ఏముండాదిమ్మా? పప్పు ఇంటికి పోతా ఉండాదా?”

మీ ఎంగిలి దేవుడికి పెట్టలేనని అన్నం పెట్టే మనిషితో ఎట్లా అనను? నా కొలువు ఇంతటితో సరి అనుకుని కొంగు తీశాను. పప్పు మీద తులసి ఆకు ఉంది. సారు ఆకును చూశారు, చేతిలోని చెంచాను చూశారు. “దీనివల్లనా?” అన్నారు. తల వంచుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

మర్నాడు వంటగది గడప బయటే ఆగారు. “ఏమ్మా, మీ స్వామి తిన్యాడా? నా వంతు వచ్చిందా?”

ఆ తర్వాత, నేను అక్కడ పని మానేదాకా, రోజూ అంతే. దేవుడి కోసం ఆగేవారో, నేనెంత తీస్తున్నానో చూడటానికి ఆగేవారో ఇప్పటికీ నాకు తేలలేదు. “గిన్నె పెద్దదైనట్టుందే,” అని ఒకసారి అన్నారు కూడా.

ఈ రోజు ఇంట్లో పచ్చిపులుసు చేశాను. తులసి ఆకు వేసి, తెలియకుండానే గడప వైపు చూశాను. అక్కడ సారు చెప్పులు విడిచి, చెంచా వీపు వెనక దాచుకుని నిలబడి ఉన్నట్టే అనిపించింది.