నల్లగాజులో దూరని ఆటలు

కొత్త బెలూన్ల రబ్బరు వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే టేబుల్ సొరుగులోకి వెళ్తుంది. అక్కడ ఒక నల్లగాజు ఉంటుంది. దిష్టి తగలకుండా పసిపిల్లలకు వేస్తారే, అంత చిన్నది. ఈ ఉదయం మా ప్లేస్కూల్లో కొత్తగా చేరిన టీచరు మౌనిక, బతుకమ్మ పార్టీ ఆటల కోసం కొన్న సామానంతా నా ముందు గుమ్మరించింది. నేను గాజు బయటికి తీసి వాటిని కొలవడం మొదలుపెట్టగానే ఆ పిల్ల ముఖం మాడిపోయింది. ఒకప్పుడు నా ముఖమూ అలాగే మాడింది.

ఆ గాజు సుగుణ మేడంది. ఈ స్కూలు పెట్టింది ఆమే. హనుమకొండలో ఒక సందులో, అద్దె ఇంటి కింది వాటాలో నడిపేది. నర్సంపేట నుంచి వచ్చిన నాకు అదే మొదటి ఉద్యోగం. మేడంకు లోకంలో ప్రతి వస్తువు మీదా అనుమానమే. తలుపు సందు మీద అనుమానం, కుర్చీ మూల మీద అనుమానం, అల్లరి చేయని పిల్లవాడి మీద మరీ అనుమానం. ఉదయం నేను గడప దాటగానే ఆమె చూపు ముందు నా సంచి మీద పడేది. నన్ను దొంగ కింద జమకడుతోందని లోలోపల ఉడికిపోయేదాన్ని.

ఆ ఏడు దసరా సెలవులకు ముందు రోజు బతుకమ్మ పార్టీ పెట్టి, ఆటలు ఆలోచించే పని నాకు అప్పగించింది. తల్లులంతా వస్తారు కాబట్టి నా తెలివి చూపించాలని వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. పార్టీ ముందురోజు మేడం నా సామానంతా చూస్తానంది. గాజును పట్టుకుని ఒక్కొక్కటీ అందులోంచి దూర్చింది. గోళీలు జారిపోయాయి, పూసలు జారిపోయాయి. బెలూనును ఊది పగలగొట్టి, ఆ ముక్కను కూడా దూర్చి చూపింది.

“దీంట్ల నుంచి పోయేది పోరల గొంతుల ఇరుకుతది బిడ్డా. మూడేండ్లోళ్ళు ఏది దొరికితే అది నోట్లె వెట్టుకుంటరు.”

“మరి ఏం ఆడించాలె మేడం?”

“పెద్ద బంతి ఉన్నది, గుడ్డ సంచులున్నయ్. అవి సాలు. ఇగ నీ సంచిల ఏం లేవా?”

“లేవు మేడం” అన్నాను. సంచి చిన్న జేబులో ఇరవై చింతగింజలున్నాయి. బంతిపూల కుప్పలో వాటిని దాచి పిల్లల చేత వెతికించాలన్నది నా గొప్ప ఆట. ఆమె చాదస్తం కోసం దాన్ని వదులుకోవడం నాకిష్టం లేకపోయింది.

మర్నాడు ఆమె గేటు దగ్గర తల్లులను పలకరిస్తుండగా గింజలు పూలల్లో కలిపేశాను. పిల్లలు కుప్ప మీద పడ్డారు. తల్లులు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. నేను పొంగిపోతూ గింజలు వెనక్కి తీసుకుంటే పంతొమ్మిదే వచ్చాయి. పూలన్నీ దులిపినా ఇరవయ్యోది లేదు. మోకాళ్ళ మీద పాకుతూ బండలన్నీ తడిమాను.

“ఎన్ని వెట్టినవ్?” అని పక్కనుంచి మెల్లగా వినిపించింది. మేడం ఎప్పుడు వచ్చిందో తెలియదు.

“ఇరవై. ఒకటి దొరుకుత లేదు.”

ఆమె పూల వైపు చూడలేదు, పిల్లల ముఖాలు చూసింది. క్షణం నోరు మూయని రిత్విక్ మూల కూర్చుని గమ్మున ఉన్నాడు. ఒక బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. వాడి పేరు పెట్టి అరవబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ఒర్రకు. బెదిరితే మింగుతడు.”

పోయి వాడి ఎదురుగా నేల మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. “ఇప్పుడు ఇంకో ఆట. అందరు తలలు కిందికి వంచుండ్రి. ఎవరు గట్టిగ ఉమ్ముతరో నేను సూస్త.”

ఉమ్మితే రోజూ దెబ్బలు తినే పిల్లలు. వాళ్ళ సంబరం అంతా ఇంతా కాదు. తల్లులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రిత్విక్ కూడా తల వంచి తుపుక్కున ఉమ్మాడు. బండ మీద గింజ దొర్లింది. మేడం దాని మీద పాదం పెట్టేసింది. ఆ ఆట ఎవరు కనిపెట్టారని తల్లులు అడిగితే నా వైపు చూపింది.

అందరూ వెళ్ళాక పూలరెక్కలు ఊడుస్తూ, ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగాను. “నా మీద మీకు ముందే అనుమానం ఉండెనా మేడం?”

“లేకుంటె గేటు ఇడిసిపెట్టి లోపలికి ఎందుకొస్త? నిన్న ‘లేవు’ అనుకుంట సంచి దగ్గరికి గుంజుకున్నవ్.”

నేను ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు. గాజు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. “సెలవులైనంక సామాను నువ్వే సూడు. ఇయ్యాల మంచిగ భయపడ్డవ్ గద.”

ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ గాజు ఏ బిడ్డ చేతిదో చివరిదాకా చెప్పలేదు. నా అనుమానం నాకుంది గానీ, అడిగే ధైర్యం ఏనాడూ చాలలేదు.

మౌనిక తెచ్చిన వాటిలో సగం గాజులోంచి జారి పక్కకు పోయాయి. మిగిలినవి ఆమెకే ఇచ్చి, ఇంకేం లేవు కదా అని అడిగాను.

“లేవు మేడం” అంటూ ఆ పిల్ల సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

నేను చెయ్యి చాపాను.

“ఆ చిన్న జేబు గూడ తియ్యి బిడ్డా.”