అక్క దప్పి, ఢిల్లీ విమానం

మా ఇంటి మనిషి దూరం ప్రయాణమైతే, అతను చేరే వేళ వరకు ఇంట్లో ఆడవాళ్ళు నీళ్ళు ముట్టరు. బస్సు ప్రయాణాలకు ఇదేమీ కష్టం కాదు. మంగళవాడలో ఎక్కినవాడు హిందూపురంలో ఎప్పుడు దిగుతాడో అందరికీ తెలుసు. కానీ ఎనభైల చివర్లో, వరుసగా రెండో ఏడు వాన మొహం చాటేసిన శ్రావణంలో, మా బావ ఢిల్లీకి విమానంలో పోయాడు. మెట్ట వేరుశనగలో మంచి దిగుబడి తీసిన రైతులను వ్యవసాయ శాఖ వాళ్ళు సభకు పిలిపించారు. మా ఊళ్ళో విమానం ఎక్కిన మొదటి మనిషి ఆయనే.

అక్క టైఫాయిడ్ నుంచి లేచి పది రోజులే అయింది. నీళ్ళు మానొద్దని ఎంత చెప్పినా వినలేదు. గాల్లో పోయే మనిషి కాలు నేలకు తగిలేదాకా మానాల్సిందేనని, ఆ వేళ ఏదో నన్ను లెక్కగట్టి చెప్పమంది.

బడి అట్లాసులో బెంగళూరు నుంచి ఢిల్లీకి దారం లాగి పట్టాను. కొలిస్తే వెయ్యిన్ని ఏడువందల నలభై కిలోమీటర్లు. పేపర్లో చదివిన వేగం గంటకు ఎనిమిది వందలు. దారం వెంబడి పెద్ద ఊళ్ళు నాలుగు కనబడ్డాయి. ఒక్కో ఊళ్ళో ముప్పావు గంట నిలుపుతారని వేశాను. నాకు తెలిసిన బండి ఏదీ పెద్ద ఊళ్ళో నిలవకుండా పోదు. విమానం పన్నెండుకు లేస్తే, చేరేది అయిదు దాటాక అని తేలింది.

ఆ రోజు పన్నెండుకే ఇద్దరం చేని గట్టు మీద నిలబడ్డాం. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు, పైనుంచి ఆయన చూస్తాడు, వంగి పీకండని ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. మబ్బు లేని ఆకాశంలో, తూర్పున పెనుకొండ దిక్కున, తెల్లటి గీత ఒకటి ఉత్తరానికి సాగింది. చప్పుడు లేదు. వాచీ చూస్తే పన్నెండూ పదిహేను. దారం మీద అక్కడికి బెంగళూరు నుంచి నూటముప్పై కిలోమీటర్లు. ముందురోజు బావను మా ఊరి నుంచి బెంగళూరు చేర్చడానికి బస్సుకు అయిదు గంటలు పట్టింది. అప్పటిదాకా కాగితం మీద వేసుకున్న అంకెలు ఆకాశంలో కదలడం అదే మొదటిసారి చూశాను.

గీత కరిగిపోయేదాకా అక్క చూసింది.

"హిందూపురంలో నిలిపినారా?"

లేదన్నాను.

"మరి ముందర ఏల నిలుపుతారప్పా? ఎక్కేవాళ్ళు ఆడ గాల్లో చెయ్యెత్తి నిలబడి ఉంటారా?"

ఆగే సమయమంతా కొట్టేశాను. పేపరు వేగంతో రెండూ పది వచ్చింది. నేను కళ్ళారా చూసిన వేగంతో మూడూ ఇరవై. అక్క పెదాలు అప్పటికే ఎండి పగిలాయి. రెండూ పది అనే మాట నా నోటిదాకా వచ్చింది. అది తప్పై, బావ ఇంకా గాల్లో ఉండగా ఆమె నీళ్ళు తాగితే, తర్వాత ఆయనకు ఏం జరిగినా తన మీదే వేసుకుంటుంది. మూడూ ఇరవై అన్నాను. అంతసేపూ ఆమె పక్కనే నీడలో కూర్చొని వాచీ ముళ్ళు చూశాను. వేళ కాగానే చెంబు అందించాను. రెండు చేతులతో పట్టుకొని, ఆపకుండా తాగింది.

బావ రైల్లో రెండు రాత్రులు కూర్చొని తిరిగి వచ్చాడు. ఎన్నింటికి దిగావన్నదే నా మొదటి ప్రశ్న. రెండున్నరకన్నాడు. లేచేటప్పుడు నిదానంగా పోయి, పైకెక్కాక వేగం అందుకుంటుందట. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"అంటే యాభై నిమిషాలు నన్ను ఊరికే ఎండబెట్టినావు" అంది అక్క, సంగటి వడ్డిస్తూ. కాస్త ఆగి, "పోనీలే, మీ బావ దిగినాకనే తాగినా కదా" అని, నా పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది.